కోర్టు మెట్లకు ఎదురుగా ఉన్న ఇల్లు

దక్షిణ కరోలినా రాష్ట్రం, సెయింట్ ఆబిన్ పట్టణం, కోర్టు వీధిలో కాపురముంటున్న, కీర్తిశేషుడు జులై రివర్స్ భార్య జూబా రివర్స్ అనే నేను, గడ్డిబుట్టలు అల్లి అమ్ముకుని బతికేదాన్ని, నా ఇష్టపూర్తిగా రాయిస్తున్న వీలునామా ఇది. నా మోకాళ్ళు పోయాయి, ఒక చెవి పోయింది, బుద్ధి మాత్రం ఎక్కడికీ పోలేదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టే హక్కు ఒకప్పుడు ఉన్న మనిషి ఇంకా బతికే ఉన్నాడు గాని, ఆ హక్కు చచ్చిపోయింది. నేను చెబుతుంటే నా పెంపుడు కూతురు ఆరీ రాస్తోంది. అది బడిపంతులమ్మ. నా మాటలు దిద్దబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

1. ఇదే నా మొదటి వీలునామా, ఇదే ఆఖరిది. ఇంతకుముందు రాసినవి ఉంటే రద్దు చేస్తున్నానని ఇక్కడ చెప్పాలట. రాసినవి లేవు. కానీ ఇంతకుముందు ఒక వీలునామాలో నేను ఉన్నాను. అది కోర్టు బీరువాలో భద్రంగా ఉంది, ఆరీ వెళ్ళి చూసి వచ్చింది. అప్పట్లో మా యజమాని జోసయా హార్వుడ్ దొర పోతూ పోతూ రాసింది. మూడో షరతులో కొడుకు ఎడ్విన్‌కి హాల్లో బల్లమీది గడియారం, ఎర్ర కంచరగాడిద, జూబా. నాలుగో షరతులో అలబామాలో కాపురమున్న కూతురు కారొలీన్‌కి పందిరి మంచం, వెండి గరిటెలు, ఫిబ్బీ. ఫిబ్బీ నా చెల్లెలు. మా పూర్వీకుల ఆఫ్రికా పద్ధతిలో, నేను సోమవారం పుట్టానని జూబా, అది శుక్రవారం పుట్టిందని ఫిబ్బీ అని పెట్టింది మా అమ్మ బైనా. అమ్మ దొరసాని వాటాకి వెళ్ళింది.

పంపకం జరిగింది ఈ కోర్టు మెట్ల మీదే, జనవరి ఒకటిన. మనుషుల్ని పంచడానికి, అద్దెకివ్వడానికి, అమ్మడానికి ఆ రోజుల్లో అదే ముహూర్తం. బండి కదిలే ముందు అమ్మ మా ఇద్దరి గడ్డాలూ పట్టుకుని, “ఏడవకండే. మీలో ఎవరు ముందు తిరిగొస్తే వాళ్ళు ఈ మెట్ల దగ్గరే కూచోండి. రెండోది వచ్చేదాకా లేవద్దు” అంది. ఫిబ్బీ చేతిలో అరచేయంత బుట్ట అడుగు ఉంది, అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. దాన్ని వదలకుండానే బండెక్కింది. మలుపు తిరిగేదాకా నన్నే చూస్తూ పోయింది. దాని మొహం నాకిప్పుడు సరిగ్గా గుర్తు రావడం లేదు, ఆ చిన్న గడ్డి చుట్ట మాత్రం కళ్ళకి కట్టినట్టు ఉంది. ముందు వచ్చింది నేను. అందుకే ఇక్కడ కూచున్నాను.

2. స్థిరాస్తి. కోర్టు వీధిలో నా ఇల్లు, అరుగు, పెరట్లో అత్తిచెట్టుతో సహా. హద్దులు: తూర్పున వీధి, వీధికి అవతల ఆ మెట్లు. ఉత్తరాన హేగర్ ఇల్లు, దాని కోళ్ళు హద్దుల్ని ఎన్నడూ ఒప్పుకోలేదు. పడమర సముద్రపు నీళ్ళొచ్చే ఉప్పుకయ్య. దక్షిణాన ఊళ్ళోని తెల్ల దొరసానుల సంఘం వాళ్ళు కొన్న ఖాళీ జాగా. జులై యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో సిపాయిగా పనిచేసి తెచ్చిన జీతంతో ఈ ఇల్లు కొన్నాడు. “ఇంత మురికి వీధిలో ఎందుకే, ఏటి పక్కన మంచి నేల చవగ్గా ఉంది కదే” అన్నాడు. ఎందుకో చెప్పాను. మళ్ళీ ఏటి మాట ఎత్తలేదు, మహానుభావుడు.

ఈ ఇంట్లో సగం నా చెల్లెలు ఫిబ్బీకి, సగం ఆరీకి, సర్వహక్కులతో ఇస్తున్నాను. ఫిబ్బీ గాని, దాని పిల్లలు గాని, మనవలు గాని వచ్చేదాకా ఇల్లు అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, అరుగు పడగొట్టకూడదు. దొరసానుల సంఘం వాళ్ళు ఆ యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడి చచ్చిన సిపాయిలకి రాతి విగ్రహం నిలబెడతారట. కోర్టు ముందు ఎంత చోటున్నా వాళ్ళకి సరిగ్గా నా అరుగే కావాలట, విగ్రహం మొహం మెట్ల వైపు ఉంటేనే అందమట. పీఠం మీద చెక్కే మాటలు నాకు చదివి వినిపించారు. రాష్ట్రాల హక్కుల కోసం ప్రాణాలిచ్చిన వీరులు అని ఉంది. బానిసత్వం అన్న మాట వెతికినా లేదు. “పూర్వపు నమ్మకమైన సేవకురాలిగా ముందు వరసలో కుర్చీ వేయిస్తాం జూబా అత్తా” అన్నారు. ఈ ఊరి తెల్లవాళ్ళలో ఒక్కరూ నన్ను రివర్స్ గారూ అనరు, ముసలిదాన్నయ్యాక అందరికీ అత్తనైపోయాను. నాకు కుర్చీ ఉంది, అమ్మా, నా అరుగు మీద, అని చెప్పి పంపించాను.

చనిపోయిన సిపాయిలంటే నాకు కోపం లేదు. వాళ్ళూ ఒక తల్లి కన్నవాళ్ళే. విగ్రహం పక్క జాగాలో పెట్టుకోమనండి. నా అరుగు తీసేస్తే మాత్రం, ఫిబ్బీ వచ్చి ఆ మెట్లెక్కి ఇటు తిరిగి చూసేసరికి ఒక రాతి సిపాయి తుపాకీ పట్టుకుని ఉంటాడు. అది భయపడి వెనక్కి పోతుంది. చిన్నప్పుడు మహా పిరికిది.

3. ఫిబ్బీని గుర్తుపట్టడం గురించి. నేను పోయాక ఎవరైనా వచ్చి నేనే ఫిబ్బీని, లేదా ఫిబ్బీ మనవరాలిని అంటే, నా కార్యనిర్వాహకులు కాగితాలు అడగకూడదు. మాకు కాగితాలు ఎక్కడివి? ఇంటిపేరు ఏం పెట్టుకుందో కూడా తెలియదు. చేతికి నాలుగు గడ్డిపోచలు, ఒక తాటాకు చీలిక ఇచ్చి బుట్ట మొదలుపెట్టమనండి. మా అమ్మది ఎడమచేతి వాటం. ఒళ్ళో కూచోబెట్టుకుని నేర్పింది కాబట్టి కుడిచేతి వాటం వాళ్ళమైనా మేమిద్దరం ఎడమ వైపుకే చుడతాం. ఈ తీరంలో తక్కిన ఆడవాళ్ళంతా ఇంకోవైపు చుడతారు. “ఏమే, నీ బుట్టలు వెనక్కి నడుస్తాయా?” అని హేగర్ నన్ను జీవితాంతం ఏడిపించింది. ఏడిపించనీ. చుట్ట ఎడమకి తిరిగితే ఇంకేమీ అడక్కండి, తలుపు తీసి అన్నం పెట్టండి.

దాని కోసం వెతకలేదని ఎవరూ అనుకోవద్దు. స్వేచ్ఛ వచ్చిన ఏడాదే జులై కాలినడకన అలబామా వెళ్ళాడు. కారొలీన్ దొరసాని తలుపు తియ్యలేదు. వంటామె పెరటి గుమ్మంలోంచి, “దాన్ని యుద్ధానికి ముందే అమ్మేశారయ్యా, ఎవరికో ఇంటివాళ్ళకే ఎరుక” అందట. చర్చి పత్రికలో ప్రకటన వేయించాం, అలబామా చర్చిల్లో చదివించాం. కారొలీన్ పోయింది. ఆవిడ వ్యవహారాలన్నీ చూసిన తమ్ముడు ఒకడే మిగిలాడు. ఆయన సంగతి ఆరో షరతులో వస్తుంది.

4. జులై సైన్యంలో వేసుకున్న నీలం కోటు ఆరీ బడికి. అద్దాల పెట్టెలో పెట్టి దాచొద్దు, పిల్లలు ముట్టుకుని చూడాలి. ప్రభుత్వం పంపిన కొత్త పుస్తకంలో యుద్ధానికి కారణం సుంకాలు, ఉత్తరాది వాళ్ళ అసూయ అని ఉందట. ఆరీ ఆ పాఠం చెప్పాల్సిన రోజున ఇంటికొచ్చి పడుకుంది, అన్నం తినలేదు. తల్లీ, నీకు ఉద్యోగం ముఖ్యమని నాకు తెలుసు. పుస్తకంలో ఉన్నది చదివించు. తర్వాత కోటు తీసి బల్లమీద పెట్టు.

జులై కూడా నాతో ఒప్పుకునేవాడు కాదు, ఆ మాట దాచను. “ఉత్తరాది వాళ్ళు మనకోసం రాలేదే పిచ్చిదానా, దేశం రెండు ముక్కలు కాకూడదని వచ్చారు. మనం పొలాలు వదిలి వాళ్ళ శిబిరాల్లోకి పరిగెత్తాకే వాళ్ళకి మనం కనపడ్డాం” అనేవాడు. నిజమే కావచ్చు. అయినా ముక్కలు చేద్దామన్నవాళ్ళు ఎందుకన్నారయ్యా అని నేను, అలా ఇద్దరం కూరలో బెండకాయలు మాడేదాకా వాదించుకునేవాళ్ళం. ఆ వాదన కోసం ఇప్పుడు నా ప్రాణం కొట్టుకుంటుంది. ఎదురు మాట్లాడేవాడు లేని ఇల్లు ఏం ఇల్లు?

5. చిన్న వస్తువులు. ఇనప కుండ హేగర్‌కి. ఎలాగూ ఎప్పుడూ వాళ్ళింట్లోనే ఉంటుంది. కొత్త సంవత్సరం నాడు బొబ్బర్ల అన్నం నాకంటే బాగా వండుతానని ఊరంతా చెప్పుకుంది, ఇక నా కుండలో వండి చూసుకోమనండి. రెండు దుప్పట్లు చర్చికి. మా అమ్మ గరిటె కాడ అరగదీసి చేసుకున్న బుట్టల సూది ఫిబ్బీకి. అది వచ్చేదాకా తలుపు పక్క మేకుకి అలాగే ఉండాలి. నా సమాధి మీద నేను ఆఖరుగా తాగిన కప్పు పగలగొట్టి పెట్టండి, మావాళ్ళందరికీ చేసినట్టే.

6. ఎడ్విన్ హార్వుడ్, రిటైరైన జడ్జి. ఈయనకి ఏమీ ఇవ్వడం లేదు. కోపంతో కాదు. ఈ రాష్ట్రంలో వీలునామాకి ముగ్గురు సాక్షులు కావాలి, సాక్షికి ఆస్తి రాస్తే అది చెల్లదట. ఈయన సంతకం ఉన్న కాగితాన్ని ఈ కోర్టులో ఏ సంఘమూ కాదనలేదు, అందుకని ఈయన సంతకమే నాకు కావాలి. ఒకటే షరతు: మొత్తం చదివించుకుని విన్నాకే సంతకం పెట్టాలి.

ప్రతి శనివారం నేను చేసే వేరుశనగ ఉండల కోసం నా అరుగు ముందుకొస్తాడు. ఖాళీ చొక్కాచెయ్యి పిన్నుతో మడిచి ఉంటుంది, ఆ చెయ్యి యుద్ధంలో పోయింది. “ఆ యుద్ధం మీ గురించి కాదు జూబా, రాష్ట్రాల హక్కుల గురించి” అంటాడు. ఏం హక్కని అడుగుతాను. “తమ వ్యవహారాలు తాము చక్కబెట్టుకునే హక్కు.” ఏ వ్యవహారం? “ఆస్తి వ్యవహారం.” ఏ ఆస్తి జడ్జిగారూ అంటే, అక్కడికొచ్చేసరికి ఆయనకి దగ్గొస్తుంది. దగ్గు తగ్గాక సుంకాలు మొదలుపెడతాడు. అవన్నీ చెప్పనిచ్చి చివర్న ఒకటే అడుగుతాను: మీ అక్క ఫిబ్బీని ఎవరికి అమ్మింది? “ఆ సంగతి వేరు” అని టోపీ పెట్టుకుంటాడు.

అది వేరు కాదయ్యా. అదే ఇది. యుద్ధం సుంకాల కోసమైతే, ఇన్నాళ్ళూ ఈ అరుగు మీద నేను కూచున్నది సుంకం తిరిగొస్తుందనా? మీ నాన్న ఆస్తి పంపకం నాడు మీరూ ఆ మెట్ల మీదే ఉన్నారు. నల్ల కోటు వేసుకుని, గడియారం ఒక చేత్తో, నా మణికట్టు ఇంకో చేత్తో పట్టుకున్నారు. ఏది పడిపోతుందోనని రెండింటి వంకా చూసుకున్నారు. మీరు చెడ్డవారని నేను ఎవరితోనూ అనలేదు. వాదనలో మీరు గెలిచారని కావాలంటే రాసిస్తాను, విగ్రహం మీద ఏం చెక్కించుకున్నా నోరెత్తను. నాకు ఒక పేరు కావాలి. దాన్ని కొన్నవాడి పేరు. అంతే.

7. కార్యనిర్వాహకులు ఆరీ రివర్స్, మా చర్చి పెద్ద డీకన్ ప్రిన్స్ సింగిల్టన్. నేను పోయాక కూడా ప్రతి జనవరి ఒకటిన అరుగు మీద ఎవరో ఒకరు కూచోవాలి. ఊరంతా విముక్తి దినం ఊరేగింపుకి వెళ్ళినా సరే. బ్యాండు మేళం అరుగు మీదికీ వినపడుతుంది. ఫిబ్బీ ఆ రోజునే వస్తుందని నా మనసు చెబుతోంది.

పైన రాసిన కుండ, కోటు, దుప్పట్లు, ఇల్లు, సూది ఇవే నా ఆస్తి. ఈ వీలునామాలో ఏ మనిషినీ ఏ మనిషికీ ఇవ్వలేదు. దీన్ని చదివించుకుని విని, సరిగ్గా ఉందని తెలుసుకుని, ఆరీ నేర్పిన అక్షరాలతో నేనే సంతకం పెడుతున్నాను.

తేదీ: 1912 జనవరి ఒకటి, సెయింట్ ఆబిన్, మా అరుగు మీద.

(సంతకం) జూబా రివర్స్

సాక్షులు:

1. కేటో గ్రాంట్, వడ్రంగి.

2. టైరా గ్రాంట్, పై కేటో భార్య.

3. ఎడ్విన్ హార్వుడ్. వీలునామా మొత్తం విన్నాను. శ్రీమతి జూబా రివర్స్ గారు నా ఎదుటే సంతకం చేశారు. ఆరో షరతులో అడిగినదానికి జవాబుగా ఈ నాలుగు మాటలు నా చేత్తో చేరుస్తున్నాను. ఫిబ్బీని మా అక్క 1859 వేసవిలో అలబామాలోని డెమోపొలిస్ ఊళ్ళో ఎలైజా క్రాన్‌ఫోర్డ్ అనే పత్తి వ్యాపారికి అమ్మింది. చేతిలో గడ్డి చుట్ట ఉంది. వ్యాపారి దాన్ని పారెయ్యమన్నాడు, ఫిబ్బీ పారెయ్యలేదు. ఆ అమ్మకం కాగితం మీద సాక్షిగా సంతకం పెట్టింది నేనే.