సారు ఎదురుగానే ఉన్నాడు

1998 నవంబర్, బుధవారం రాత్రి
బోరబండ

తెల్లారితే నా భయం మళ్లీ పెద్దదవుతుంది. అందుకే అమ్మ ఇవాళ చేసిన పని ఇప్పుడే రాసుకోవాలి.

మాదాపూర్‌లో లేస్తున్న అద్దాల భవనానికి నీళ్ల పైపు మా గల్లీ ముందు నుంచే గుంత తవ్వి వేస్తున్నారు. మా గల్లీకి మాత్రం ఒక్క నల్లా లేదు. సాయంత్రం బస్తీ సభకు సర్కారు ఇంజనీరు వచ్చి మా ఎదురుగానే కూర్చున్నాడు. అయినా అమ్మ అలవాటుగా బస్తీ నాయకుడు యాదగిరన్న వైపే తిరిగింది.

"అన్నా, జర సారుకు చెప్పు, మాకు నల్లా కావాలె."

"చెప్తలే" అని ఆయన ఇంజనీరు వైపు వంగాడు. "ముందుగాల రోడ్డు పడాలె సార్. నల్లా తర్వాత చూస్కుందం."

ఆ రోడ్డు పోయేది యాదగిరన్న ప్లాట్లకే.

"అమ్మా, సారు ఎదురుంగనే ఉన్నడు గదా, ఆయనకే చెప్పు" అన్నాను.

"కంప్యూటర్ నేర్చిన బిడ్డ తల్లికే ట్రైనింగ్ ఇస్తుంది!" అని యాదగిరన్న నవ్వాడు.

అమ్మ లేచింది. "సారూ, మాకు నల్లా కావాలె."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమ్మా?"

"ఎందుకు చెప్పలే సారు? గీ అన్నకు చెప్తనే ఉన్నం."

ఆడవాళ్లంతా పకపకా నవ్వారు.

సర్కారు సొమ్ము ఎవరి గల్లీకి చేరుతుందన్నది ఎవరి మాట సారు చెవిన పడిందన్నదాన్ని బట్టే ఉంటుందేమో. మేం కిరాయికి ఉండేది యాదగిరన్న ఇంట్లోనే. ఖాళీ చేయమంటాడేమో...

"చూద్దాంలేమ్మా" అంటూ ఇంజనీరు లేచాడు. అమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"శనివారం పైపు గుంత పూడుస్తరంట సారు. శుక్రవారం లోపల మాకు జవాబు చెప్పుండ్రి."