వీపు మీద గీతలు

1987, మంగళవారం రాత్రి. గుంటూరు ఆసుపత్రి.

రేపు పొద్దున్నే ఆపరేషన్. క్యాన్సర్‌కి తీసేసిన రొమ్ము చోట సిలికాన్ సంచి పెడతారంట. అక్కడ చర్మం చానా పల్చనైపోయింది, ఉత్తగా పెడితే చీల్చుకుని బయటికొచ్చుద్దంట. అందుకని వీపు కండని చర్మంతో సహా ముందుకు తిప్పి కప్పుతానన్నాడు డాక్టరు. సాయంత్రం వచ్చి వీపు మీద పెన్నుతో గీతలు గీసిపోయాడు. నాకు కనపడవుగా.

"ఎట్టా ఉన్నయ్యి?" అని మా ఆయన్ని అడిగా. గురజాలలో జాకెట్లు కుట్టే మనిషాయన. జేబులోంచి టేపు తీసి గీతల్ని కొలిచాడు.

"సరిపోద్దా?" అన్నా.

"కుట్టులోకి గుడ్డ వదల్లేదేందే ఈ డాక్టరు?" అన్నాడు.

అప్పట్నించీ బోర్లానే పడుకున్నా. వెల్లకిలా తిరిగితే ఆ గీతలు కాస్తా చెరిగిపోతాయేమో...