జత పట్టని పోగులు

ఆదోని,
ఆదివారం.

అమ్మకు, నీ కొడుకు బజారి మొక్కి రాసేది. ఈడ నేనూ నీ కోడలు ప్రమీలా బాగుండాము. ఆడ గుంటూరు పక్క మిరపకోతల్లో నువ్వూ నాయనా ఎట్లుండారు? చేతులు మండుతాంటే కొబ్బరినూనె పూసుకొని పండుకో.

నువ్వు కూడబలుక్కొని రాసిన జాబు అందింది. ఎనుము ఈనిందా అని అడిగినావు. ఈనింది, పెయ్యదూడ. బిడ్డలు కావాలని చిప్పగిరి నాటువైద్యుడు ఇచ్చిన పొడి ప్రమీల తాగుతాందా అని అడిగినావు. లేదమ్మా, నేనే మాన్పించినా. హనుమంతమ్మత్త కూతురు వీణను రెండో పెండ్లి చేసుకోమన్న మాటకు ఫోన్లోనే జవాబు చెప్పాలని చూసినా. నోరు రాలేదు. అందుకే ఈ జాబు.

పోయిన నెల కర్నూల్లో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయినాము. ప్రమీల పరీక్షలన్నీ బాగుండాయి. నన్ను గూడా చూడాలనింది. నీకు రాయాలంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తాండా. నా వృషణంలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించినారు. ఫలితానికి మళ్ళా పోయినప్పుడు "నాకూ చూపించండి మేడమ్" అంటే నవ్వి, కంప్యూటర్లో ఫోటో పెట్టింది.

ఎంత వింతనో అమ్మా! మన ఒంట్లో ప్రతి కణంలోనూ సన్న పోగులుంటాయంట, క్రోమోజోములంటారు. సగం నువ్విచ్చినవి, సగం నాయన ఇచ్చినవి. వీర్యకణం తయారయ్యేటప్పుడు నీ పోగు నాయన పోగును ఎతుక్కొని, జిప్పు మాదిరి అతుక్కొని, ముక్కలు మార్చుకొని, మళ్ళా విడిపోతాదంట.

"కండ్లు లేవు కదా మేడమ్, ఎట్ల కనుక్కుంటాయి?"

"అది మాకూ ఇంకా పూర్తిగా తెలీదు" అనింది. ఆ మాట నాకు శానా నచ్చింది.

"జత పట్టకపోతే?"

ఆయమ్మ ఫోటోలో ఒక కణాన్ని వేలుతో చూపించింది. "కణం అక్కడే ఆగిపోయి చచ్చిపోతుంది. మీలో జరుగుతున్నది అదే, బజారీ."

ఇంతవరకూ నీకు చెప్పలేకపోయింది ఇదే అమ్మా. లోపం నాది, ప్రమీలది కాదు. వీణను చేసుకున్నా, ఇంకెవరిని చేసుకున్నా నాకు బిడ్డలు పుట్టరు.

ఆ జిప్పుకు కావాల్సిన జన్యువు ఒకటి చెడిందని రక్తపరీక్షలో తేలింది. నాయన నీకు సొంత మేనమామ కదా, ఒకే ఇంటి నెత్తురు. ఆ చెడ్డది మీ ఇద్దరిలో ఒక్కొక్కటి ఉండింటాదంట. జతలో రెండోది మంచిది కాబట్టి మీకేం కాలేదు. నాకు రెండూ చెడ్డవే వచ్చినాయి. నువ్వు ఏడవొద్దు. తెలిసి ఇచ్చినారా ఏమి? నాయనకు నువ్వే నిదానంగా చెప్పు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు ఎమ్మిగనూరు దాటినాక ప్రమీలను అడిగినా, "నన్ను ఇడిసిపెడతావా?" అని.

"ఇన్నేండ్లు మీయమ్మ నన్ను గొడ్రాలంటాంటే నువ్వు ఇడిసిపెట్టినావా?" అనింది. అని, కిటికీ పక్కకు తిరిగి ఏడ్చింది. ఊరొచ్చేదాకా ఆయమ్మి చెయ్యి పట్టుకొని కూర్చున్నా.

దత్తతకు దరఖాస్తు పెట్టినాము. కోతలు ముగించుకొని వచ్చినాక, నాతో కాదు, ముందు ప్రమీలతో మాట్లాడు. బిడ్డ వచ్చిన పొద్దు ఎవరి పోలికని ఎతకొద్దు. ఎత్తుకో, అంతే.

ఇట్లు,
నీ కడుపున పుట్టిన
బజారి