“మాటలు” అని రాసినచోట

గోదావరిఖని,
గురువారం ఉదయం

అక్కకి,

నీ చెల్లెలు నమస్కరించి రాసేది. ఒంట్లో బాగానే ఉంది. మనసు బాగాలేదు, ఆ సంగతి కింద రాస్తాను. ముందు నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారు నడక మానేయలేదు కదా? అమ్మ మాత్రలు వేసుకుంటోందా, డబ్బాలో దాస్తోందా? ఇవన్నీ ఫోన్లో అడగొచ్చుగా అంటావు. నువ్వు ఫోనెత్తితే చుట్టూ నలుగురుంటారు. ఇది నలుగురిలో చెప్పేది కాదు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. ఉతికిన తెల్ల చున్నీ ఆరేలోపు బొగ్గుదుమ్ముకి బూడిదరంగు తిరుగుతుంది, ఇకమీదట నాకు ముదురు రంగులే కొని పంపు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు చేస్తే అలమరలో గిన్నెలు గలగలమంటాయి. మొదట్లో ఉలిక్కిపడేదాన్ని. ఇప్పుడు ఒక చేత్తో మంచినీళ్ల గ్లాసు పట్టుకుని రెండో చేత్తో అన్నం తింటున్నాను. సర్వపిండి చేయడం నేర్చుకున్నాను, వచ్చినప్పుడు చేసి పెడతాను. తిండికీ నిద్రకీ లోటు లేదు, దిగులు పడకు.

నేనుండేది మల్లేశం కాక ఇంటి వెనక గదిలో. ఇక్కడ బాబాయి అనరు, కాక అంటారు. భూగర్భగనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. వాళ్లావిడని చిన్నమ్మ అంటాను. “ఆంధ్ర బిడ్డ” అని ఆటపట్టిస్తూనే రోజూ ఒక గిన్నెలో కూర పంపుతుంది. బయట బందులు, ఊరేగింపులు నడుస్తున్నాయి కానీ ఈ ఇంట్లో నన్ను పరాయిదానిలా చూసినవాళ్లు లేరు. అందుకే నా సిగ్గు నాకు ఇంకా ఎక్కువైంది.

నా ఉద్యోగం ఏమిటో నువ్వు మూడుసార్లు అడిగావు, మూడుసార్లూ కంప్యూటర్ పని అని తప్పించుకున్నాను. ఇప్పుడు సరిగ్గా చెప్తాను. మూడు దేశాలవాళ్లు కలిసి చేస్తున్న పరిశోధన ఇది. మనం అడక్కుండానే చుట్టూ ఉన్న గోడలూ దీపాలూ మనల్ని కనిపెట్టుకుని ఉండేలా చెయ్యాలని వాళ్ల ఆశ. గనిలో పైకప్పుకి చిన్న డబ్బాలు బిగించారు. డబ్బా చప్పుడు వింటుంది. మనుషుల అలికిడి వింటే పచ్చదీపం వెలుగుతుంది. రాయి పగిలే చప్పుడు వింటే ఎర్రదీపం. ఏమీ వినపడకపోతే బ్యాటరీ దండగ అని ఆరిపోతుంది. ఏ చప్పుడు ఏమిటో దానికి మొదట మనమే నేర్పాలి. కార్మికులు షిఫ్టు దిగాక ఎన్ని గంటలకి ఏం విన్నారో కాగితం మీద రాసిచ్చేవాళ్లు. నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పంపేదాన్ని, ఆ దేశాల్లోవాళ్లు దాన్నిబట్టి డబ్బాకి నేర్పేవాళ్లు. ఆడవాళ్లని గనిలోకి దింపరు. నేను పైన ఫ్యాను కింద కూర్చుని రాసేదాన్ని.

ఆ కాగితాల్లో చాలాచోట్ల “మాటలు” అని ఉండేది. పది గంటలకు మాటలు. పన్నెండుకు బాగా మాటలు. నేను చక్కగా “మనుషులు మాట్లాడుకుంటున్నారు” అని మార్చి పంపాను. పనిలో ఎంతసేపు కబుర్లు చెప్పుకుంటారో వీళ్లు అని నవ్వుకున్నాను కూడా.

డబ్బాలు పెట్టి నెలన్నర అయింది. మొన్న సాయంత్రం చిన్నమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మామూలుగా అంది, “ఇయ్యాల కింద బండ మస్తు మాట్లాడిందట.”

“బండ మాట్లాడటమేమిటి చిన్నమ్మా?”

“పైకప్పు బండ పటపట అంటది గద బిడ్డా. కూలేముందు గట్లనే మాట్లాడతది. మనోళ్లు దాన్నే మాటలంటరు. గిన్ని దినాలాయె, నీకెవలు చెప్పలేదా?”

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. చిన్నమ్మ చూడలేదు, తన ధోరణిలో తను చెప్పుకుపోతోంది. “మీ కాకకు మనిషి మాట ఇనపడతది గని సన్న సప్పుడు ఇనపడది. మిషన్ల కాడ చెవులు పోయినయి. డాక్టరుకు తెలిస్తే కిందికి పోనియ్యరని దాస్తున్నడు. మీ డబ్బలు పెట్టినకాన్నుంచి నాకు ఫికర్ లేదు.”

నిన్న పొద్దున్నే ఆఫీసుకి వెళ్లి, “మాటలు” అని ఉన్న వేళల్లో డబ్బాలు రికార్డు చేసిన చప్పుళ్లు మొదటిసారి చెవికి పెట్టుకుని విన్నాను. వినడం నా పని కాదు కదా, అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఒక్క మనిషి గొంతు లేదు. ఎండుపుల్లలు విరుస్తున్నట్టు చప్పుడు, అంతే. ఒకటి తర్వాత ఒకటి, రికార్డులన్నీ అలాగే ఉన్నాయి.

మా ఆఫీసు సార్‌కి చెప్పాను. “సోమవారం విదేశీయులు వస్తున్నారు, రివ్యూ అయ్యాక దిద్దుదాం, ఈలోపు ఎవరితోనూ అనకు” అన్నారు. నా కాగితాలు అందుకునే విదేశీ మేడమ్‌కి మెయిల్ పెట్టాను. సెలవులో ఉన్నానని మిషనే జవాబిచ్చింది. భయమేసింది అక్కా. ఉద్యోగం పోతుందని ఒక భయం, ఆంధ్ర పిల్ల మనవాళ్ల ప్రాణాల మీదికి తెచ్చిందంటారని ఇంకో భయం. ఆ రెండూ చూసుకుంటూ నిన్న కాక డ్యూటీకి వెళ్తుంటే నోరు మూసుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆయన క్షేమంగానే వచ్చాడు. ఈరోజు ఆయనకి సెలవు, నేను తలనొప్పి అని ఇంట్లో ఉన్నాను. కాక కూరగాయలు తేవడానికి వెళ్లాడు. రాగానే చెప్పేస్తాను.

కాక వచ్చాడు, చెప్పాను. కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు. రెండుసార్లు అడిగి అర్థం చేసుకున్నాడు.

“అంటే బండ మాట్లాడితే గా డబ్బ మనుషులనుకుంటదా?”

“అవును కాకా. పచ్చదీపమే వెలుగుతుంది.”

కూరగాయల సంచి కింద పెట్టాడు.

“నిన్న నా జతగాడు దుంగలకు పోయిండు. గంటసేపు ఆడ నేనొక్కన్నే ఉన్న. నోరు తెరవలే, చెయ్యి కదపలే, కూసున్న. నాకైతే ఏ సప్పుడు ఇనపడలే. డబ్బ ఆరిపోలే, గంటసేపూ పచ్చగనే ఉండె.”

వెంటనే బండి తాళం అందుకున్నాడు. “గిప్పుడు గాడ మొదటి షిఫ్టోళ్లున్నరు. నడువు బిడ్డా, జల్ది. నేను చెప్తె ముసలోడు చెవిటోడంటరు. నువ్వే చెప్పాలె” అన్నాడు. తన చెవుల సంగతి కూడా ఈరోజే బయటపడుతుందని ఆయనకి తెలుసు.

బండి స్టార్ట్ చేస్తున్నాడు. నిలబడి రాస్తున్నాను. అమ్మకి, అత్తయ్యగారికి, బావగారికి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడు నా ఉద్యోగం గురించి అడగకు. మేము వెళ్లేదాకా ఆ బండ ఆగాలని అడుగు.

నీ ఆశీస్సులు కోరే
చెల్లెలు
సుజాత