రుమెన్‌కి తేలికైన ల్యాప్‌టాప్

రుమెన్, పొయ్యి మీద చిక్కుడుగింజల సూప్ ఉంది, వేడి చేసుకుని తిను. బల్ల మీది ల్యాప్‌టాప్ నీదే, ముందు ఛార్జింగ్ పెట్టు.

నిన్న దుకాణంలో చవకగా ఉందని ఆ బరువైన ల్యాప్‌టాపే చాలన్నావు. అది ఎత్తగానే ఆపరేషనైన భుజం నొప్పికి పళ్ళు బిగబట్టావు, నేను చూశాను. అందుకే పొద్దున మళ్ళీ ప్లోవ్‌దివ్ నగరానికి వెళ్ళి, ఎవరో వాడి అమ్ముకున్న ఈ తేలికపాటిది తెచ్చాను. ఇదీ చవకే, గొడవ పెట్టకు.

"మీ ఆయన ఏం చేస్తారు?" అని దుకాణమామె అడిగింది.

"ఊరూరా తిరిగి పిల్లలకి లెక్కలు చెబుతాడు. తన నొప్పి మాత్రం నాకు చెప్పడు" అన్నాను.

డ్యూటీకి వెళ్తున్నా.

వెస్కా

ఆపరేషనయ్యాక నీ సంచి నేను మోస్తుంటే వీధిలో తల దించుకుని నడిచేవాడివి. రేపు కూడా బస్సు దాకా వస్తాను. సంచి నువ్వే పట్టుకో.