అబద్ధమాడి బయట కూర్చున్నాను

అక్కా,

నువ్వు పోయిన చోటికి తపాలా లేదని తెలుసు. అయినా బి.ఏ. చదివినదాన్ని కనుక, పద్ధతి ప్రకారం నా క్షేమం తెలుపుతున్నాను: క్షేమంగా లేను.

నిరుడు నాకు గర్భం సంచిలో కాక గొట్టంలో నిలిచి, పగిలి, ఆపరేషన్ అయింది. అప్పటినుంచి నా నెలసరి నిజాంసాగర్ కాలువ నీళ్లలా తయారైంది. ఎదురుచూస్తే రాదు, వస్తే ఆగదు. "నెల తప్పితే వెంటనే రా" అని డాక్టరమ్మ హెచ్చరించింది.

ఈసారి నలభై ఆరు రోజులైంది. అత్తమ్మ ఎక్కడ ఆశపెట్టుకుంటుందోనని, ముట్టయ్యానని అబద్ధమాడాను. మూడు రోజులు వసారాలో చాప మీద కూర్చుని, నాలుగో రోజు తలస్నానం కూడా చేశాను. ఇంత నిష్ఠగా అబద్ధమాడినవాళ్లు మన వంశంలో లేరు.

ఇవాళ పొద్దున పొత్తికడుపులో ఎడమపక్క నొప్పి మొదలైంది. నీకూ ఇలాగే మొదలైంది. నువ్వు ఎవరికీ చెప్పలేదు.

వంటింట్లోకి వెళ్లాను.

"అత్తమ్మా, మొన్న నేను బయట కూసున్నది అబద్ధం."

ఆమె రొట్టె తిప్పుతూనే ఉంది. "నాకెర్కనే బిడ్డా. ఒక్క గుడ్డన్న ఉతికి ఆరేసినవా?"

"మరెందుకు అడగలే?"

"అడిగితే ఏం చెప్తవో అని భయమైంది." పొయ్యిలో కట్టెలు బయటికి లాగింది. "చీర మార్చుకో. నిజామాబాద్ పోదాం."

డాక్టరమ్మ వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. లోపలికి ఇంకా పిలవలేదు. అత్తమ్మ నా చెయ్యి వదలడం లేదక్కా, అక్షరాలు వంకరపోతున్నాయి.

నీ చెల్లె