తమ్ముడు గెలిచిన ఆట

చిరంజీవి వింతలమ్మకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఉత్తరం అలా మొదలుపెట్టాలి కాబట్టి రాశాను గానీ, మా క్షేమం ఏపాటిదో నీకు తెలియనిది కాదు. తింటున్నాం, పనికి వెళ్తున్నాం. దగ్గు తగ్గిందని రాశావు. నీ ‘తగ్గింది’ మీద నాకెప్పుడూ నమ్మకం లేదు, ఒకసారి డాక్టరుకి చూపించుకో.

నువ్వడిగినవాటికి జవాబులు. మీ నాన్న డిపోలో పగటి డ్యూటీకి మారారు. మోకాళ్ళు చూపించుకోమంటే, “బస్సుల రిపేర్లకే దిక్కులేదు, నాకెందుకే” అంటారు. నేను కుట్టుమిషన్‌కున్న మోటారు తీయించేశాను, మళ్ళీ కాళ్ళతోనే తొక్కుతున్నాను. బడులు తెరిచే రోజులు కదా, ఇల్లంతా యూనిఫారాల నీలం గుడ్డే. మంచం మీద కూడా చోటు లేక మీ నాన్న కుర్చీలో కునికిపాట్లు పడుతున్నారు.

తమ్ముడు పోయాక ఇన్నాళ్ళకి మళ్ళీ మూడు వింతలు రాసి పంపావు. సంతోషించాను. శుక్రగ్రహం మీద సంవత్సరం కంటే రోజే పొడుగన్నావు, అది నిజమే అయ్యుండాలి, బడులు తెరిచే నెలలో నాకు ప్రతిరోజూ అలాగే ఉంటుంది. పాచికల్లా నలుచదరంగా పెంటికలు వేసే జంతువు ఉందన్నది మాత్రం నీ కల్పనే అని పందెం కట్టాను. మీ నాన్న అటూ ఇటూ చూసి, “అంత అసహ్యమైన సంగతి మనమ్మాయి కల్పించదు, నిజమే” అన్నారు. చాలా రోజులకి ఆయన నవ్వు చూశాను.

మా ఇద్దరికీ ఈ ఆట ఎప్పుడూ రాలేదు. రెండు నిజాలు, ఒక అబద్ధం అని నువ్వు పెట్టిన లెక్కలో అబద్ధాన్ని పట్టేది తమ్ముడే. నీ ఉత్తరం వచ్చిన రోజు వాడు అన్నం ముందు కూర్చునీ చెయ్యి పెట్టేవాడు కాదు. ‘అక్క అబద్ధం చెప్పేటప్పుడు వివరాలు ఎక్కువ రాస్తుంది’ అని వాడి సిద్ధాంతం. గెలిస్తే మర్నాడు షాపులో అందరికీ ఆ వింతలు వినిపించేవాడు. బ్యాటరీలు బాగుచేయించుకోడానికి వచ్చినవాళ్ళు కూడా వినాల్సిందే.

ఇప్పుడు నీ పుస్తకం సంగతి. పేపర్లో పిల్లల పేజీకి రాసినవన్నీ పుస్తకంగా వస్తున్నాయని, వచ్చే వారం అచ్చుకి వెళ్తుందని, తమ్ముడికి అంకితమిస్తున్నావని రాశావు. అక్కడిదాకా చదివి కళ్ళు తుడుచుకున్నాను. ఆ తర్వాత, వాడు ఆఖరిసారి గెలిచిన వింత కాబట్టి నీళ్ళ గురించి రాసిందే మొదటి పేజీలో వేస్తున్నానన్నావు. ‘పూర్తిగా శుద్ధమైన నీటిలో కరెంటు పారదు.’

తల్లీ, వాడు కరెంటు షాకుతో పోయాడని నీకు తెలుసు. పాత వైరు, చీకటి షెడ్డు, ఖర్మ అని చెప్పాం. వైరు పాతదే. మిగతాది నీకు చెప్పలేదు.

నువ్వు సెలవు అయిపోయి వెళ్ళాక షాపు మేస్త్రి ఇంటికొచ్చాడు. ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండా గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు. బ్యాటరీల్లో పోసే నీళ్ళ క్యాను ఒరిగి షెడ్డు నేలంతా పారిందట. ఛార్జింగ్ మిషన్ వైరు ఆ నీళ్ళలోనే పడి ఉందట. “మెయిన్ ఆపి వస్తాను, అక్కడే ఉండరా అన్నానమ్మా” అన్నాడు మేస్త్రి. “వాడు నవ్వాడు. ఇవి మామూలు నీళ్ళు కాదు బాబాయ్, డిస్టిల్డ్ వాటర్, వీటిలో కరెంటు పారదు, మా అక్క రాసింది అన్నాడు. చెప్పులు తడుస్తాయని విప్పి పక్కన పెట్టాడు. నేను మెయిన్ ఉన్న గోడ దాకా కూడా పోలేదమ్మా.”

ఆ మాట ఇంకెవరితోనూ అనొద్దని మేస్త్రి చెయ్యి పట్టుకుని అడిగాను. ఆయన ఎక్కడా అనలేదు.

నువ్వు రాసింది తప్పు కాదు. నేను ఎదురింటి సైన్సు టీచరమ్మని అడిగాను, ఎందుకో చెప్పకుండా. క్యానులో ఉన్నంతసేపు అది దాదాపు నిజమేనంది. నేల మీద పడ్డాక, అక్కడున్న యాసిడ్ మరకలూ దుమ్మూ కలిశాక, అవి ఆ నీళ్ళు కావట. అబద్ధం రాసి ఉంటే వాడు పట్టేసేవాడు. నిజం కాబట్టే నమ్మాడు.

ఈ ఉత్తరం రాయొద్దని మీ నాన్న బతిమాలారు. “ఒకణ్ణి ఆ నీళ్ళు తీసుకుపోయాయి, ఉన్న ఒక్కదాన్నీ నువ్వు చంపుకుంటావా? ఆ పేజీ బాగాలేదు తీసెయ్యమని రాయి, చాలు” అన్నారు. అలాగే రాద్దామని కూర్చున్నాను. కుదరలేదు. బాగాలేదంటే నువ్వు ఊరుకోవు, తమ్ముడి పేజీ అని పట్టుబడతావు. ఆ పుస్తకం పిల్లల చేతుల్లోకి వెళ్తుంది. నేను యూనిఫారాలు కుట్టే ఇంతింత పిల్లలు. వాళ్ళలో మనవాడిలాంటివాడు ఒక్కడున్నా చాలు, చూద్దామని కాలు పెడతాడు. ఆ తల్లి దగ్గరికి ఇంకో మేస్త్రి వెళ్తాడు. అప్పుడు నీకు తెలిస్తే తట్టుకోగలవా? నేను తట్టుకోలేను.

అందుకని నిన్ను ఏడిపిస్తున్నాను. నాకు వేరే దారి కనబడలేదు.

పేజీ తీసెయ్యకు. పూర్తిగా రాయి. మన ఇళ్ళలో, షాపుల్లో, రోడ్ల మీద కనబడే ఏ నీళ్ళూ అలాంటివి కావని రాయి. ముందు మెయిన్ ఆపాలని రాయి. పెద్ద అక్షరాలతో వేయించు. వాడి పేరు ఆ పేజీలోనే ఉండనీ.

నిన్ను నువ్వు తిట్టుకుంటావని తెలుసు. తిట్టుకోవద్దంటే వింటావా? మొదట్లో నేనూ నిన్ను తిట్టుకున్నాను తల్లీ, నిజం చెప్తున్నాను. ఒక వారం నీ ఉత్తరం విప్పకుండా అల్మారాలో పడేశాను. తర్వాత విప్పితే, అమ్మా తమ్ముడు కలలోకి వచ్చాడని రాసి ఉంది. ఆ రోజు నుంచీ తిట్టుకోలేదు.

ఈ ఉత్తరం అందగానే బయల్దేరి రా. ఒక్కదానివే గదిలో కూర్చోకు. పుస్తకం పని ఇక్కడ కూర్చుని చేసుకుందువు గాని. మంచం మీద గుడ్డలన్నీ తీసేస్తాను.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ